శివారు బడి దాకా చేరే ప్యాకేజీ: విద్యా, ఐటీ శాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,



విజయవాడ గుణదలలో, మేరీమాత కొండకు దగ్గరలో ఒక చిన్న బడి ఉంది. అక్కడ ప్రతి శనివారం కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. జీతం లేదు, నేను అడగలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సర్వర్లు, నెట్‌వర్కులు చూసిన అనుభవం చేతిలో ఉంది, అది పిల్లలకు పనికొస్తే చాలనుకున్నాను. ల్యాబ్‌లో 22 సిస్టమ్స్ ఉన్నాయి. దాతలు ఇచ్చినవి, ఆఫీసులు వదిలేసినవి, ఒక్కోటి ఒక్కో తరానిది. విద్య, ఐటీ రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. నేను అడగబోయేది కొత్త కంప్యూటర్లు కాదు. కొన్ని కిలోబైట్ల సైజు ఉండే ఒక ప్యాకేజీ. రాష్ట్రం పేరు మీద, రాష్ట్రం సంతకంతో, ప్రతి బడి ల్యాబూ ఒక్క ఆజ్ఞతో దించుకోగలిగే తెలుగు డెస్క్‌టాప్ అమరికల ప్యాకేజీ.

అది ఎందుకో చెప్పాలంటే మొదటి ఏడాది నేను పడ్డ పాట్లు చెప్పాలి.

కంప్యూటర్‌ను బడికి తగ్గట్టు అమర్చడం బయటివాళ్లకు చిన్న పనిగా కనిపిస్తుంది. తెలుగు ఫాంట్లు వెయ్యాలి. తెలుగు కీబోర్డు చేర్చాలి. వెనక బెంచీ పిల్లవాడికి కనపడేలా అక్షరాల సైజు పెంచాలి. ప్రింటర్ కలపాలి, కాగితం సైజు ఏ4కి మార్చాలి. పిల్లలు నోట్సు రాసుకుంటుంటే తెర ఆరిపోకుండా చూడాలి. ఒక్కో సిస్టమ్‌కు నలభై నిమిషాలు పట్టేది. 22 సిస్టమ్స్‌కు అన్నీ చేత్తో, మౌసుతో, ఒకదాని తర్వాత ఒకటి. జూన్‌లో బళ్లు తెరిచేలోపు పూర్తిచేశాననుకునేసరికి ఒక హార్డ్ డిస్క్ పోయింది, మళ్లీ మొదటికి వచ్చాను. అంతకన్నా పెద్ద నష్టం పాఠాల్లో బయటపడింది. ఏడో సిస్టమ్‌లో నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను. ఎనిమిదో దాంట్లో పొరపాటున ఉచ్చారణను బట్టి టైపు చేసే పద్ధతి మిగిలిపోయింది. ఎల్ మీట నొక్కితే ఒకదాంట్లో ‘త’ పడుతుంది, పక్కదాంట్లో ‘ల’ పడుతుంది. ఆ వారం ఏడో సిస్టమ్ ముందు కూర్చుని వేళ్లకు అలవాటు చేసుకున్న పిల్ల, మరుసటి వారం ఎనిమిదో దాని ముందు కూర్చుని తప్పు తనదే అనుకుంది. ఆ తప్పు నాది. చేత్తో చేసిన పని ఏ రెండుసార్లూ ఒక్కలా రాదని నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

అప్పుడు నా పాత వృత్తిలో రోజూ వాడిన పద్ధతి గుర్తొచ్చింది. ఈ కంప్యూటర్లలో ఉన్నది డెబియన్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే కాలేజీ కుర్రాడు మొదలుపెట్టిన, లినక్స్ మీద నడిచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవస్థ ఇది. దాని ప్రాణమంతా ప్యాకేజీల్లో ఉంది. ప్యాకేజీ అంటే ఒక మూట. లోపల కొన్ని ఫైళ్లు ఉంటాయి, పైన ఒక చీటీ ఉంటుంది. పేరేమిటి, ఎన్నో వెర్షన్, నిర్వహించేది ఎవరు, ఇది పనిచేయాలంటే ఇంకా ఏ మూటలు కావాలి అన్నవి ఆ చీటీలో రాసి ఉంటాయి. మూట విప్పి సర్దే పని డీపీకేజీ అనే ప్రోగ్రాంది. దానికి కావలసిన మిగతా మూటల్ని నెట్‌లోంచి వెతికి తెచ్చే పని ఆప్ట్ అనే ప్రోగ్రాంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఇలాంటి ప్యాకేజీలు 69 వేలకు పైగా ఉన్నాయి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ప్యాకేజీలో ప్రోగ్రాం ఉండి తీరాలని లేదు. అమరికలు మాత్రమే ఉన్న ప్యాకేజీ కూడా ప్యాకేజీయే. నేను అదే తయారుచేశాను. చీటీలో ‘కావలసినవి’ అన్న చోట తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, లిబ్రె ఆఫీస్ తెలుగు అనువాదం, తెలుగు అక్షరదోషాలు చూసే నిఘంటువు, ఇన్‌పుట్ పద్ధతుల ప్యాకేజీ పేర్లు రాశాను. ఆ ఫాంట్లలో తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు రూపొందించి అందరికీ ఇచ్చిన పోతన, వేమన కూడా ఉన్నాయి. ఇక మూట లోపల ఉన్నవి నాలుగైదు చిన్న టెక్స్ట్ ఫైళ్లు: కీబోర్డు వరస, అక్షరాల సైజు, తెర ఆరే సమయం, ప్రింటర్ వివరాలు. అంతే. ఒక్కో సిస్టమ్‌లో టెర్మినల్ అనే నల్ల తెర తెరిచి ఒక్క లైను ఆజ్ఞ కొట్టడం, పాస్‌వర్డ్ ఇవ్వడం. భోజనాల గంట కొట్టేలోపు 22 సిస్టమ్స్ ఒకే రూపానికి వచ్చాయి. ఎల్ మీట నొక్కితే అన్నింటిలోనూ ‘త’ పడింది.

అయ్యా, ఆ నల్ల తెరంటే మన ఉపాధ్యాయులకు భయం ఉంది. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. బొమ్మ మీద క్లిక్ చేస్తే జరిగే పనికి అక్షరాలు టైపు చేయడమెందుకని అడుగుతారు. నేను చెప్పే జవాబు ఒక్కటే. క్లిక్ చేసింది ఎవరికీ చెప్పలేం. ‘ఎడమ పక్కన పైనుంచి మూడో బొమ్మ నొక్కండి, అక్కడ వచ్చే పెట్టెలో...’ అంటూ ఫోన్‌లో చెప్పి చూస్తే తెలుస్తుంది. టైపు చేసిన ఆజ్ఞను మాత్రం కాగితం మీద రాసివ్వొచ్చు, గోడకు అంటించొచ్చు, మైలవరంలో ఉన్న మాస్టారికి వాట్సాప్‌లో పంపొచ్చు. ఆయన అదే కొడితే అదే జరుగుతుంది.

మా ల్యాబ్‌లో ఆ భయం పోగొట్టింది మాత్రం నా వివరణ కాదు. డెస్క్‌టాప్ అమరికల్లో చాలా వరకు డీకాన్ఫ్ అనే చోట దాచి ఉంటాయి. అక్కడ ఏం మారుతోందో ఎప్పటికప్పుడు చూపించే ఆజ్ఞ ఒకటుంది. తెరలో సగం నల్ల కిటికీ పెట్టి ఆ ఆజ్ఞ నడిపించాను. మిగతా సగంలో సెట్టింగులు తెరిచి, అక్షరాల సైజు మార్చమని తొమ్మిదో తరగతి అమ్మాయికి చెప్పాను. మౌసు కదిలిన క్షణమే నల్ల కిటికీలో ఆ అమరిక పేరు, దాని కొత్త విలువ పడ్డాయి. ఆ పిల్ల ఆగి, ‘సార్, అయితే ఈ సెట్టింగులన్నిటికీ పేర్లున్నాయా?’ అంది. ఉన్నాయి. పేరుంటే రాసుకోవచ్చు, రాసుకుంటే పంచుకోవచ్చు. ఆ శనివారం ఇంటికి వెళ్లమన్నా పిల్లలు కదల్లేదు. గోడచిత్రానికి పేరేమిటి, గడియారానికి పేరేమిటి అంటూ ఒక్కోటీ మార్చి చూసి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

ఇప్పుడు మీరు ముఖ్యంగా చూడాలని నేను కోరుకునే చోటుకు వస్తాను. రాష్ట్రం ఒక ప్యాకేజీ ఇస్తే, బడికి తన ఇష్టం అంటూ మిగులుతుందా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. దీనికి డెబియన్ వాళ్లు ఎప్పుడో సమాధానం సిద్ధం చేసుకున్నారు. ప్యాకేజీతో వచ్చిన అమరికల ఫైలును స్థానికంగా ఎవరైనా మార్చుకున్నారనుకోండి. తర్వాత ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చి ఆ ఫైలు అక్కడా మారి ఉంటే, డీపీకేజీ ఆ స్థానిక మార్పును తుడిచేయదు. ఆగి అడుగుతుంది: ‘ఈ ఫైలు మీరు మార్చుకున్నారు. మా దగ్గర కొత్తది వచ్చింది. మీది ఉంచమంటారా, మాది వెయ్యమంటారా, తేడా చూపించమంటారా?’ ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే స్థానికుడు మార్చుకున్నదే ఉంటుంది. స్థానిక మార్పును చెరపకూడదన్నది డెబియన్ విధాన పత్రంలోనే రాసుకున్న నియమం. పైనుంచి వచ్చేది డిఫాల్ట్, కింద ఉన్నవాడి నిర్ణయానికి దానికన్నా ఎక్కువ విలువ. సచివాలయం నుంచి వచ్చే ఏ సర్క్యులర్‌లోనూ నేను ఇంత మర్యాద చూడలేదు. మన విద్యాశాఖ ప్యాకేజీ ఈ మర్యాదతోనే రావాలని నా కోరిక.

డీకాన్ఫ్‌లో తాళాలు కూడా ఉన్నాయి. పైవాళ్లు ఏదైనా అమరికకు తాళం వేస్తే కింద వాడేవాళ్లు దాన్ని మార్చలేరు. నేను కీబోర్డు వరస ఒక్కదానికే తాళం వేశాను, అదీ ‘త’, ‘ల’ గొడవ తర్వాత. గోడచిత్రం, రంగులు, అక్షరాల సైజు పిల్లల ఇష్టానికే వదిలాను. రాష్ట్ర ప్యాకేజీ తయారుచేసేవాళ్లకు చేతికి దొరికిందల్లా తాళం వెయ్యాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశను అదుపు చెయ్యాల్సింది మీరు. అన్నిటికీ తాళం వేసిన కంప్యూటర్ ముందు పిల్లలు ఏమీ నేర్చుకోరు.

కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కాబట్టి ఇదంతా నాకు కాలువల భాషలోనే అర్థమవుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఎగువ, దిగువ అనే అంటారు. ప్రోగ్రాం రాసినవాళ్లు ఎగువ. దాన్ని మూటగట్టే డెబియన్ వాళ్లు కొంచెం దిగువ. మన రాష్ట్రం ఇంకొంచెం దిగువ. బడి శివారున ఉంటుంది. బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా బ్రాంచి కాలువ, పంట బోదె సరిగ్గా లేకపోతే శివారు చేనుకు తడి చేరదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎగువన నీళ్లకు కొదవ లేదు. తెలుగు ఫాంట్లున్నాయి, అనువాదాలున్నాయి, డెబియన్ ఇన్‌స్టాలర్ సైతం తెలుగులో మాట్లాడుతుంది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి చూపించింది. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాటిలో ఒకటి మన దివిసీమ మనిషి మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీదే ఉంది. లేనిది బోదె. ఇవన్నీ కలిపి, పరీక్షించి, శివారు బడికి చేర్చే ఆ చివరి పాయ ఎవరూ తవ్వలేదు.

ఆ పాయ ఎలా ఉండాలో నాకు ఒక ఫిబ్రవరి నేర్పింది. గుణదల మాత ఉత్సవాలు 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. ఆ మూడు రోజులూ ఇక్కడ నేల ఈనినట్టు జనం. మొబైల్ ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంది. ఆ వారంలోనే రెండు సిస్టమ్స్‌ను మొదటినుంచి అమర్చాల్సి వచ్చింది. అదృష్టంకొద్దీ అంతకు నెల ముందు ల్యాబ్‌లోనే ఒక పాత కంప్యూటర్‌ను ప్యాకేజీల గిడ్డంగిగా పెట్టాను. మొదటి సిస్టమ్ నెట్‌లోంచి దించుకున్న ప్రతి ప్యాకేజీ కాపీ దానిలో నిలవుంటుంది. మిగతా 21 సిస్టమ్స్ దాని దగ్గరే తీసుకుంటాయి. బయట నెట్ దాదాపు లేకపోయినా లోపల పని ఆగలేదు. ఇందుకు ఖర్చు సున్నా. ప్రతి మండలానికి ఒక గిడ్డంగి ఇలా పెడితే, ఫైబర్‌నెట్ వైరు బాగున్న రోజు నింపుకుని, లేని రోజు వాడుకోవచ్చు.

గత చరిత్ర కూడా ఒకటి గుర్తుచేయాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబ్‌లు ఇచ్చారు. ఒక్క కంప్యూటర్‌కు అనేక తెరలు తగిలించి అందరూ పంచుకునే పద్ధతి అది. అప్పట్లో చాలామంది చెప్పుకున్న ప్రయోగం. తెరలు, తీగలు అయితే టెండర్లలో లెక్క పెట్టొచ్చు. అమరికల పరిజ్ఞానాన్ని లెక్క పెట్టే గడి ఏ టెండర్ ఫారంలోనూ ఉండదు. అది అమర్చినవాళ్ల చేతుల్లో, బుర్రల్లో ఉంటుంది, వాళ్లు వెళ్లిన రోజున వాళ్లతోనే వెళ్లిపోతుంది. ప్యాకేజీగా రాసి పెట్టింది మాత్రం బడిలోనే మిగులుతుంది.

ఈ దారిలో ఇప్పటికే నడిచిన వాళ్లున్నారు. కేరళలో ఐటీ@స్కూల్ ప్రాజెక్టు 2001లో మొదలైంది. ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థ బళ్ల కోసమే ప్రత్యేకంగా ఒక గ్ను/లినక్స్‌ను మలయాళంతో సహా అమర్చి ఇస్తోంది. టీచర్లకు శిక్షణ వాళ్లే ఇస్తారు, పాఠ్యపుస్తకాలు దానికి తగ్గట్టే ఉంటాయి. 2001లోనే నార్వేలో స్కోలెలినక్స్ పేరుతో మొదలైన ప్రయత్నం ఈ రోజు డెబియన్‌లోనే బడుల విభాగంగా కలిసిపోయింది. వాళ్ల ప్యాకేజీల్లో చాలా భాగం అమరికల మూటలే. ఎవరైనా తెరిచి చూసి నేర్చుకోవచ్చు. నేను అలాగే నేర్చుకున్నాను.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, ఇంటెల్‌లోనైతే దాదాపుగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేస్తున్న లెక్కలేనన్ని మంచి కంప్యూటర్లకు అవి లేవు. వాటిని పాత ఇనుము కొట్టుకు పంపే ఫైళ్లు కదలక ముందే ఈ ఉత్తరం మీకు చేరాలి. 64 బిట్ల ప్రాసెసర్, 4 జీబీ మెమరీ ఉంటే చాలు, మేట్ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్‌తో డెబియన్ 13 వాటిమీద హాయిగా నడుస్తుంది. భద్రతా మార్పులు మూడేళ్లు ప్రధాన బృందం నుంచి, ఆపై రెండేళ్లు దీర్ఘకాలిక బృందం నుంచి వస్తాయి. మరీ పాత 32 బిట్ల యంత్రాలకు మాత్రం డెబియన్ 13 ఇన్‌స్టాలర్ లేదు. వాటి విషయంలో ఎవరికీ ఆశ పెట్టకూడదు.

‘బయట ఉద్యోగాల్లో అందరూ వేరేవి వాడుతుంటే పిల్లలకు ఇది ఎందుకు?’ అని తల్లిదండ్రులు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. కానీ బయట ఉద్యోగాలిచ్చే సర్వర్లు, క్లౌడ్ యంత్రాల్లో చాలా వరకు నడిచేది లినక్స్, అదీ నల్ల తెర మీదే. ఇక తెలుగు విషయానికొస్తే, విజయవాడ డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పాత ఎన్‌కోడింగ్‌లో కొట్టిన తెలుగు ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌తో, 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్‌తో మొదటినుంచి నేర్చుకున్న పిల్లలకు ఆ గండం ఉండదు. పైగా 1966 నుంచీ మనకు అధికార భాషా చట్టం ఉంది. తెలుగు కీబోర్డు ముందే అమర్చి లేని కంప్యూటర్ ప్రభుత్వ బడిలో ఉండటం ఆ చట్టం స్ఫూర్తికి తగదు. కేంద్రం 2015లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానం ప్రకటించింది, రాష్ట్రాలూ కావాలంటే దాన్ని అనుసరించొచ్చు.

నేను కోరేది ఇది. శాఖలో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లతో ఒక చిన్న బృందం వెయ్యండి. వాళ్లు తెలుగు బడి డెస్క్‌టాప్ ప్యాకేజీ తయారుచేసి, డిజిటల్ సంతకంతో ప్రభుత్వ సర్వర్‌లో పెట్టాలి. సంతకం తప్పనిసరి. ఎవరో పంపిన స్క్రిప్టును కళ్లు మూసుకుని నడిపించే అలవాటు బళ్లకు పట్టకూడదు. సంతకం సరిపోని భాండారం నుంచి ప్యాకేజీ దించడానికి ఆప్ట్ తనంతట తానే ఒప్పుకోదు. ఏ వెర్షన్‌లో ఏం మార్చారో, ఎందుకు మార్చారో తెలుగులో రాయాలి. ప్రతి ప్యాకేజీతో మార్పుల చిట్టా ఒకటి వస్తుంది, ఆ చోటు ఖాళీగా వదలొద్దు. ఇకపై ల్యాబ్‌లకు టెండరు పిలిచేటప్పుడు, అమరికలన్నీ ప్యాకేజీ రూపంలో, మూలంతో సహా అప్పగించాలన్న ఒక్క షరతు చేర్చండి. ల్యాబ్ చూసుకునే టీచర్లకు ఐదు రోజులు నల్ల తెర ముందు శిక్షణ ఇవ్వండి. ఒక ఫైలు ఏ ప్యాకేజీదో కనుక్కోవడం, ఒక ప్యాకేజీ అప్‌డేట్ కాకుండా ఆపి ఉంచడం, తీసేయడానికీ అమరికలతో సహా పూర్తిగా తుడిచేయడానికీ తేడా తెలుసుకోవడం. ఈ మాత్రం వస్తే వాళ్లు మిగతాది తామే నేర్చుకుంటారు.

నేను చేసిన ప్యాకేజీ ఏమంత గొప్పది కాదు, కానీ పనిచేస్తోంది. మీ బృందానికి కావాలంటే మూలంతో సహా ఇస్తాను. నా పేరు తీసేసి వాడుకున్నా సంతోషమే. ప్రస్తుతం 1.7వ వెర్షన్ నడుస్తోంది. మార్పుల చిట్టాలో చివరి నమోదు నాది కాదు. అమరికలకు పేర్లున్నాయా అని అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంది, తనే రాసింది: ‘నల్ల తెరలో ఒత్తులు కింద తెగిపోయి కనిపిస్తున్నాయి. అక్షరాల సైజు 12 నుంచి 14కి పెంచాను. అన్ని సిస్టమ్స్‌లోనూ చూశాను, బాగుంది.’

ఇట్లు,
గుణదల నుంచి,
ఒక బడి కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే శనివారం కార్యకర్త